పాఠపరిష్కరణ దృష్టితో చలనచిత్ర పునరుద్ధరణ: ‘మాయాబజార్’ రంగుల ప్రతి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పాత చలనచిత్రాన్ని శుద్ధిచేసి, వార్షికోత్సవాల సందర్భంలో ఇంటి తెరకు అందించడం నేడు అన్ని భాషల్లోనూ కనిపిస్తున్న ఆచారం. సంగీతప్రధానమైన చిత్రాల విషయంలో ఈ ఆచారం మరింత ఎక్కువ. తెలుగులో ఇందుకు ప్రధానమైన ఉదాహరణ ‘మాయాబజార్’. 1957లో నలుపు తెలుపుల్లో విడుదలైన ఈ చిత్రం 2010లో రంగుల్లో, కొత్త ధ్వనితో తిరిగి వచ్చింది. ఈ పనిని సాంకేతిక విజయంగా మెచ్చుకున్నవారున్నారు, అపచారంగా భావించినవారూ ఉన్నారు. తాళపత్ర ప్రతుల పరిష్కరణకు తెలుగు సాహిత్య పరిశోధకులు ఏర్పరచుకున్న సూత్రాలను ఈ చర్చకు అన్వయించి, పునరుద్ధరణకూ ప్రక్షిప్తానికీ మధ్య ఉన్న సరిహద్దును గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాయాబజార్, పాఠపరిష్కరణ, చలనచిత్ర పునరుద్ధరణ, ప్రక్షిప్తం, పింగళి నాగేంద్రరావు, ఉత్తరాంధ్ర

1. ఉపోద్ఘాతం

పాతపట్నంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తున్న సందర్భంలో ఒకరోజు మాటల పుట్టుక గురించి చెబుతూ ‘మాయాబజార్’ను ఉదహరించాను. తరగతిలో చాలామంది ఆ చిత్రాన్ని చూశామన్నారు. ఎక్కడ చూశారని అడిగితే సెల్‌ఫోనులో అన్నారు. ఏ రంగులో ఉందని అడిగితే ఆ ప్రశ్నే వారికి అర్థం కాలేదు. వారు చూసినది రంగుల ప్రతి. అది మొదట నలుపు తెలుపుల్లో తీసిన చిత్రమన్న సంగతి వారిలో ఎక్కువమందికి తెలియదు. ఇందులో విద్యార్థుల తప్పేమీ లేదు. వారి చేతికి అందిన ప్రతిలో ఆ విషయం చెప్పే పీఠిక లేదు.

ఇదే పరిస్థితి ఒక ప్రాచీన కావ్యం విషయంలో ఎదురైతే మనం ఊరుకోము. ఈ ముద్రణకు ఆధారమైన ప్రతులేవి, పరిష్కర్త ఎవరు, ఏ పాఠాన్ని ఎందుకు స్వీకరించారు అని అడుగుతాము. చలనచిత్రం విషయంలో మాత్రం ఆ ప్రశ్నలు వేసే అలవాటు మనకు ఇంకా ఏర్పడలేదు. చలనచిత్రం కూడా ప్రతుల ద్వారానే తరం నుంచి తరానికి చేరుతుంది. ప్రతిలోంచి ప్రతి పుట్టేటప్పుడు జారుపాట్లు, చేర్పులు, దిద్దుబాట్లు అక్కడ కూడా తప్పవు. కనుక సాహిత్యంలో మనకు బాగా తెలిసిన పరిష్కరణ శాస్త్రాన్ని చలనచిత్రానికి అన్వయించి చూడడం నిష్ప్రయోజనం కాదు.

2. ‘మాయాబజార్’: కృతి, కర్తృత్వం

విజయా సంస్థ పతాకంపై నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి. రెడ్డి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. అదే సంవత్సరం ఏప్రిల్‌లో తమిళ రూపం వెలువడింది. శశిరేఖా పరిణయమనే ఇతివృత్తానికి వ్యాసభారతంలో ఆధారం లేదు. భారతం ప్రకారం అభిమన్యుని భార్య ఉత్తర. బలరాముని కూతురితో అభిమన్యుని పెళ్ళి జానపద, రంగస్థల సంప్రదాయాలు పెంచిన కథ. అంటే తెరకెక్కక ముందే ఈ కథ పాఠాంతరాల మధ్య పెరిగింది. ఘటోత్కచుని విందుపాట కూడా చిత్రానికి పూర్వమే రంగస్థలం మీద ప్రచారంలో ఉన్న పాటను ఆధారం చేసుకున్నదే. భారతకథను చెబుతూనే పాండవులను తెరమీదకు తీసుకురాకపోవడం ఈ చిత్ర కథనంలోని ప్రత్యేకత.

ఈ చిత్రపు మాట, పాట విషయంలో ఉత్తరాంధ్రకు గట్టి సంబంధం ఉంది. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు (1901-1971) జన్మస్థలం రాజాం. సంగీత రచనకు మొదట పూనుకొని, కొన్ని పాటలకు బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు (1922-1999) సాలూరు సమీపంలోని శివరామపురంలో పుట్టారు. ఆయన తప్పుకొన్న తరువాత ఆ బాణీలను నిలిపి, మిగిలిన సంగీతాన్ని పూర్తిచేసిన ఘంటసాల వేంకటేశ్వరరావు (1922-1974) కృష్ణాతీరం వాడైనా, సంగీతం నేర్చుకున్నది విజయనగరంలో. పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో, ఇంటింటా మధూకరం ఎత్తుకుంటూ ఆయన చదువు సాగింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా ఉన్న సంగీత కళాశాల ఉన్న ఊరు అది. చిత్రంలో పాడిన పి. సుశీల పుట్టిందీ, సంగీతం నేర్చిందీ విజయనగరంలోనే.

ఈ వివరాలు ప్రాంతాభిమానం కోసం చెప్పినవి కావు. పరిష్కర్తకు మొదట తెలియవలసినది కర్తృత్వం. ‘మాయాబజార్’ సంగీతంలో ఇద్దరి చేతులు ఉన్నాయి. ఎవరి వంతు ఏది అన్న ప్రశ్న సంగీతచరిత్రకు ముఖ్యమైనది. ఆ ప్రశ్నకు జవాబు వెదకవలసిన చోటు మూలధ్వని. వాద్యసమ్మేళనాన్ని మార్చివేసిన ప్రతిని ఆధారం చేసుకుని ఆ జవాబు చెప్పలేము.

3. ప్రతుల వంశవృక్షం

ఫిల్ము మీద తీసిన చిత్రానికి కూడా వంశవృక్షం ఉంటుంది. చిత్రీకరణ సమయంలో కెమెరాలో నడిచిన ఫిల్ము మూల నెగటివు. దాని నుంచి మాస్టర్ పాజిటివు, దాని నుంచి మరొక నెగటివు, దాని నుంచి థియేటర్లకు వెళ్ళే ప్రింట్లు పుడతాయి. వాడుకలో కొన్నిసార్లు మూల నెగటివు నుంచే నేరుగా ప్రింట్లు తీసేవారు. ఆ పని ఎన్నిసార్లు చేస్తే మూలం అన్ని గీతలు పడుతుంది. ఆదరణ పొందిన చిత్రానికే ఎక్కువ ప్రింట్లు కావాలి. అందువల్ల జనం మెచ్చిన చిత్రపు నెగటివే ఎక్కువగా అరిగిపోతుంది. ఎక్కువమంది చదివిన తాటాకు గ్రంథమే ముందుగా చివికిపోవడం ఇటువంటిదే.

తరం దిగుతున్నకొద్దీ బొమ్మలో సూక్ష్మత తగ్గుతుంది. మూల నెగటివులో కనిపించే చీర అంచు నాలుగో తరం ప్రింటులో మసకగా మారుతుంది. ఆ ప్రింటు నుంచి వీడియో క్యాసెట్టు, క్యాసెట్టు నుంచి సీడీ, సీడీ నుంచి అంతర్జాలానికి ఎక్కిన ప్రతి: ఇంటి తెరకు చాలాకాలం అందినవి ఈ శాఖకు చెందినవే. దానికితోడు 1957 నాటి చిత్రపు చట్రం దాదాపు చదరంగా, 1.37:1 నిష్పత్తిలో ఉంటుంది. నేటి టీవీ తెర 16:9. తెర నిండాలని పైనా కిందా కత్తిరిస్తే బొమ్మలో నాలుగో వంతుకు కాస్త తక్కువ పోతుంది. నర్తకి పాదాలు, రాజసభలోని కిరీటాల కొనలు మొదట బలయ్యేవి.

పదార్థానికి కూడా ఆయుస్సు ఉంది. తొలినాళ్ళ నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకుంటుంది. 1950ల నుంచి వాడుకలోకి వచ్చిన ఎసిటేట్ ఫిల్ము అంటుకోదు గాని, వేడికీ తేమకూ కుళ్ళి, పుల్లని వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ ఏర్పడేది వెండి కణాలతో. ఆ వెండి కోసం పాత ఫిల్ములను కరిగించడం మన దేశంలో చాలాకాలం సాగింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) నేడు మనకు దక్కలేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం స్థాపితమైనది 1964లో, అంటే ‘మాయాబజార్’ విడుదలైన ఏడేళ్ళ తరువాత. మహాభారత సంశోధిత ప్రతిని సిద్ధం చేసిన భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ కూడా ఆ నగరంలోనిదే. ఒకే ఊళ్ళో తాళపత్రానికి ఒక ఇల్లు, ఫిల్ముకు ఒక ఇల్లు. పని ఒక్కటే అయినా, వాటి మధ్య దాదాపు అర్ధశతాబ్దపు ఎడం ఉంది.

4. పునరుద్ధరణ విధానం

పునరుద్ధరణలో మొదటి దశ ప్రతుల సేకరణ. మూల నెగటివు ఎక్కడుంది, ఎన్ని రీళ్ళు దక్కాయి, లోపించిన భాగం మరే ప్రింటులోనైనా ఉందా అని పోల్చి చూడాలి. బ్రౌన్ దొర పండితుల చేత ప్రతులు సేకరింపజేసి, పాఠాలు పోల్పించి, శుద్ధప్రతులు రాయించిన పద్ధతి ఇదే. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు లుప్తమయ్యాయనుకున్న కావ్యాలను వెలికితెచ్చినదీ ఈ దారినే.

రెండవ దశ భౌతికమైన శుద్ధి. ఫిల్మును కడిగి, చిరుగులు అతికి, పళ్ళు విరిగినచోట సరిచేస్తారు. మూడవ దశ స్కానింగు. ప్రతి చట్రాన్నీ విడిగా డిజిటల్ బొమ్మగా మారుస్తారు. ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. సెకనుకు 24 చట్రాల చొప్పున లెక్కిస్తే 2,64,960 చట్రాలు. ఫిల్ము పొడవు దాదాపు 16,560 అడుగులు. ఒక మహాగ్రంథంలోని ప్రతి అక్షరాన్నీ భూతద్దం కింద చదవడం వంటి పని ఇది. నాలుగవ దశలో గీతలు, మచ్చలు, వణుకు, వెలుగులోని హెచ్చుతగ్గులు సవరిస్తారు. ఐదవ దశలో ధ్వనిపట్టీ మీది చిటపటలు, బుసబుసలు తగ్గిస్తారు.

ఈ దశలన్నిటిలోనూ ఒక ప్రశ్న పరిష్కర్త వెంట ఉంటుంది. కాలం చేసిన మచ్చ ఏది, కర్త పెట్టిన చుక్క ఏది? ఫిల్ము మీద కనిపించే సన్నని గరుకుదనం మచ్చ కాదు, అది బొమ్మ ఏర్పడిన ధాతువే. దాన్ని పూర్తిగా తుడిచివేస్తే నటుల ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. అంతర్జాతీయ చలనచిత్ర భాండాగారాల సమాఖ్య తన నైతిక నియమావళిలో చెప్పుకున్న సూత్రం ఇక్కడ స్మరణీయం. లోపించినదాన్ని పూరించడం, కాలం వల్ల అంటిన మకిలిని తొలగించడం వరకే పునరుద్ధరణకు అధికారం ఉందనీ, మూలపు స్వభావాన్ని మార్చే హక్కు లేదనీ దాని సారాంశం.

ఇతర భాషల్లోని రెండు సంగీత చిత్రాల అనుభవం ఈ విషయాన్ని బలపరుస్తుంది. ‘మై ఫెయిర్ లేడీ’ (1964) నెగటివు బాగా దెబ్బతినగా, ముప్పై ఏళ్ళకు 1994లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కట్జ్ శ్రమించి దాన్ని నిలబెట్టారు. ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’ (1952) మూల నెగటివు 1978 నాటి అగ్నిప్రమాదంలో పోయింది. తరువాతి పరిష్కర్తలు మిగిలిన ప్రతులనే ఆశ్రయించవలసివచ్చింది. తెలుగులో కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ (1980) పునరుద్ధరించిన ప్రతి 2022లో గోవాలో జరిగిన భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఈ మూడూ మొదటి నుంచి రంగుల చిత్రాలు. వాటిలో పరిష్కర్త పని వెలిసిపోయిన రంగును తిరిగి తేవడమే. ‘మాయాబజార్’ సంగతి వేరు.

5. 2010 ప్రతి: మూడు మార్పులు

‘మొగల్-ఎ-ఆజమ్’ (1960) రంగుల ప్రతి 2004లో దేశమంతటా ఆదరణ పొందింది. ఆ తరువాత హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007లో విజయా వారి పలు చిత్రాల నెగటివు హక్కులు పొంది, వాటిలో మొదటగా ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరి 30న థియేటర్లలో విడుదల చేసింది. 1957లో పుట్టనివారు కూడా ఈ చిత్రాన్ని పెద్ద తెరమీద చూడగలగడం దీని వల్లనే సాధ్యమైంది. ఈ మేలును కాదనలేము. దీన్ని అంగీకరిస్తూనే, ఈ ప్రతిలో జరిగిన మార్పులను మూడుగా విభజించి పరిశీలించవచ్చు.

5.1 రంగు

నలుపు తెలుపు బొమ్మలో ఒక బిందువు ఎంత వెలుగుగా ఉందన్న సమాచారమే ఉంటుంది. అది ఎరుపా, ఆకుపచ్చా అన్నది అందులో లేదు. కంప్యూటరు సహాయంతో వెలుగును అలాగే ఉంచి దానిమీద రంగును పరుస్తారు. శశిరేఖ చీర ఏ రంగులో ఉండాలన్నది నెగటివు చెప్పే సంగతి కాదు, రంగులద్దినవారి నిర్ణయం. పైగా ఆ కాలంలో దుస్తులనూ సెట్టింగులనూ తెరమీద ఏ బూడిద ఛాయగా పడతాయన్న లెక్కతో ఎంచుకునేవారు. అందువల్ల చిత్రీకరణనాటి అసలు రంగు దొరికినా, అది దర్శకుడు ప్రేక్షకుడికి చూపదలచిన రంగు కాదు. ఆయన చూపదలచినది ఆ బూడిద ఛాయనే.

పడవ పాటలోని వెన్నెలను ఉదాహరణగా తీసుకోవచ్చు. బార్ట్‌లే వెన్నెల అని ప్రసిద్ధి పొందిన ఆ దృశ్యంలో నీటి మీది మెరుపు, ముఖాల మీది చల్లని వెలుగు, వెనుకనున్న చీకటి - ఈ మూడింటి పొందికే అర్థం. వెన్నెలలో మన కంటికి కూడా రంగులు తెలియవు. నలుపు తెలుపు అక్కడ మాధ్యమపు లోపంగా కాక దృశ్యానికి సహజరూపంగా నిలిచింది. దానికి నీలిరంగు పులిమితే వెన్నెల అని చెప్పినట్లవుతుంది, వెన్నెల కనిపించినట్లు కాదు.

5.2 ధ్వని

1957 నాటి ధ్వని ఒకే మార్గంలో ముద్రితమైనది. మాట, పాట, వాద్యం, గాలిచప్పుడు అన్నీ ఒకే పట్టీ మీద కలిసి ఉంటాయి. కలిపిన పాలలోంచి నీటిని వేరుచేయడం వంటి శ్రమతో 2010 ప్రతిలో దాన్ని డీటీఎస్ బహుమార్గ ధ్వనిగా మలచారు. ఇందులో సాంకేతిక నైపుణ్యం ఉంది. అయితే ఏ వాద్యం ఏ వైపు నుంచి వినిపించాలన్నది ఘంటసాల చేసిన నిర్ణయం కాదు.

ధ్వనిశుద్ధిలో పొంచి ఉండే ప్రమాదానికి ఈ చిత్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. మాయాశశిరేఖ తన పెళ్ళి ముచ్చట పాడుకునే పాటలో సుశీల గళం మధ్యలోకి ఘంటసాల గళం చొరబడుతుంది. కథ తెలియని శ్రోతకు ఇది ముద్రణలో దొర్లిన పొరపాటులా వినిపించవచ్చు. నిజానికి శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. ఆనందంలో ఒళ్ళు మరచినప్పుడు అతని అసలు గొంతు బయటపడుతోంది. దోషంగా తోచినది ఇక్కడ కథాసూత్రం. కథ చదవకుండా అక్షరదోషాలు దిద్దేవాడి చేతిలో కావ్యం ఎంత పాడవుతుందో, కథ వినకుండా ధ్వనిని శుద్ధిచేసేవాడి చేతిలో చిత్రం అంతే పాడవుతుంది.

5.3 నిడివి

రంగుల ప్రతి మూలం కన్న కుదించినది. అన్ని పాటలూ అందులో లేవు. పాఠపరిష్కరణ పరిభాషలో దీనికి లోపం అని పేరు. లుప్తభాగం ఉన్నచోట ‘ఇక్కడ గ్రంథపాతం’ అని గుర్తు పెట్టడం పరిష్కర్తల సంప్రదాయం. చిత్రంలో అటువంటి గుర్తు ఉండదు. కథ అతుకు కనిపించకుండా సాగిపోతుంది కాబట్టి, పోయినదేదో చూసేవారికి తెలియదు.

6. కష్టతర పాఠమే గ్రాహ్యం

ప్రతుల్లో ఒకచోట సులభమైన పాఠం, మరొకచోట కష్టమైన పాఠం ఉంటే కష్టమైనదాన్నే మూలానికి దగ్గరగా భావించాలన్నది పరిష్కరణ శాస్త్రంలో ప్రసిద్ధసూత్రం. లేఖకుడు తెలియని మాటను తెలిసిన మాటగా మారుస్తాడే గాని, తెలిసినదాన్ని తెలియనిదిగా మార్చడు. పింగళి రచనను ఇంటి తెరకు అందించేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది.

ఘటోత్కచుని ఆశ్రమంలో రాక్షసశిష్యుల నోట సంస్కృత పదాలు కొత్త రూపు దాలుస్తాయి. ‘అస్మదీయులు’ అసమదీయులు అవుతారు. ‘దుష్ట చతుష్టయం’ దుషట చతుషటయం అవుతుంది. సంయుక్తాక్షరం పలకలేని నాలుక మధ్యలో అచ్చును చేర్చి విడగొట్టుకోవడం తెలుగులో సహజమైన ధ్వనిపరిణామమే. ఈ అచ్చు చేర్పును భాషాశాస్త్రంలో స్వరభక్తి అంటారు. ‘అసమదీయులు’ ధ్వనిపరిణామం వల్ల పుట్టిన రూపం. దాని పక్కన ‘తసమదీయులు’ పోలికతో పుట్టిన కల్పన. తల్పానికి గిల్పం, కంబళికి గింబళి తోడుకావడం మనం రోజూ వాడే ప్రతిధ్వని పదాల పద్ధతే. గురువు ఉచ్చారణను దిద్దబోతే ఘటోత్కచుడు శిష్యుని పక్షం వహించి వీరతాళ్ళు వేయిస్తాడు. నవ్వు పుట్టించే ఈ సన్నివేశంలో ఒక భాషావాదం దాగి ఉంది. మాటకు ప్రమాణం పాండిత్యమా, పలికేవారి నోరా అన్నది ఆ వాదం.

ఈ వాదాన్ని మా ప్రాంతం వేరేగా ఎరుగును. పాతపట్నానికి ఆనుకుని, నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపింది ఈ నేల మీదనే. సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రచించినప్పుడు ఆయన పాటించినది ఒకే నియమం. పలికినది పలికినట్లే రాయాలి. రాసేవారికి తప్పుగా తోచినంత మాత్రాన దిద్దకూడదు. గిడుగువారి ఉద్యమానికీ పింగళివారి సన్నివేశానికీ నేరుగా సంబంధం ఉందని నేను ప్రతిపాదించడం లేదు. కాని, ఆ సన్నివేశాన్ని పరిష్కరించేవారు గిడుగువారి నియమం తెలిసినవారై ఉండడం అవసరం.

ఎందుకంటే నేటి ఇంటి ప్రతుల్లో మాటలను అక్షరాల్లో చూపే ఉపశీర్షికలు ఉంటున్నాయి. వాటిని సిద్ధంచేసేది మనిషి కావచ్చు, యంత్రం కావచ్చు. యంత్రం తన నిఘంటువులో లేని మాటను ఉన్న మాటకు తిప్పుతుంది. ‘దుషట’ను ‘దుష్ట’గా దిద్దిన మరుక్షణం హాస్యం చచ్చిపోతుంది, వాదం మాయమవుతుంది. చెవిటివారికీ, తెలుగు చదవడం నేర్చుకుంటున్న ప్రవాసుల పిల్లలకూ అక్షరాల్లో కనిపించేదే పాఠం. వారికి తప్పుపాఠం అందితే సరిచూసుకునే దారి ఉండదు.

7. వ్యాఖ్యానం ఎప్పుడు ప్రక్షిప్తమవుతుంది?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి రంగుల ప్రతిని పునరుద్ధరణ అనలేము. అలాగని కేవలం అపచారం అని తోసిపుచ్చడమూ న్యాయం కాదు. పాఠపరిష్కరణ మనకు మరొక మాటను ఇస్తోంది, అది వ్యాఖ్యానం. తాటాకు అంచున లేఖకుడో పాఠకుడో రాసుకున్న టిప్పణి అంచున ఉన్నంతకాలం పాఠకుడికి మేలు చేస్తుంది. తరువాతి లేఖకుడు దాన్ని మూలంలో భాగమనుకుని పద్యాల నడుమ ఎక్కించినప్పుడు అది ప్రక్షిప్తమవుతుంది. టిప్పణిలోని అక్షరాలు మారలేదు, దాని చోటు మారింది. దాన్ని మూలం నుంచి వేరుచేసి చూపే గుర్తు పోయింది.

రంగుల ‘మాయాబజార్’కూ ఇదే వర్తిస్తుంది. నలుపు తెలుపు ప్రతి పక్కనే దొరుకుతున్నంతకాలం రంగుల ప్రతి ఒక వ్యాఖ్యానం. ఇష్టమున్నవారు చూస్తారు, లేనివారు మూలానికి వెళతారు. మూలం కనబడకుండా పోయి రంగుల ప్రతే ‘మాయాబజార్’ అనే పేరుతో చెలామణి అయిన రోజున అది ప్రక్షిప్తం. కనుక మా విద్యార్థులకు నా ప్రశ్న అర్థం కాకపోవడం చిన్న విషయం కాదు. ఆ మార్పు ఇప్పటికే మొదలైందనడానికి అది గుర్తు.

ఇటువంటి చర్చ అమెరికాలో 1980లలో తీవ్రంగా సాగింది. పాత చిత్రాలకు రంగులద్ది టీవీలో ప్రసారం చేయడాన్ని దర్శకులు ప్రతిఘటించగా, 1988లో వచ్చిన జాతీయ చలనచిత్ర పరిరక్షణ చట్టం, జాతీయ జాబితాకెక్కిన చిత్రాన్ని మార్చి ప్రదర్శిస్తే మార్చినట్లు చెప్పే ప్రకటనను తప్పనిసరి చేసింది. రంగులద్దడాన్ని అది నిషేధించలేదు. చెప్పి చేయమంది. పరిష్కర్త పీఠిక రాయాలని మనం కోరేదీ అందుకే.

8. గృహప్రతికి కొన్ని ప్రతిపాదనలు

2027 మార్చి 27 నాటికి ‘మాయాబజార్’కు డెబ్భై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భానికి ఒక ప్రామాణిక గృహప్రతి వెలువడడం సముచితం. ఉస్మానియా విశ్వవిద్యాలయం కవిత్రయ భారతానికి సంశోధిత ముద్రణను అందించినట్లే, తెలుగు చలనచిత్రానికి ఒక సంశోధిత ప్రతి ఎలా ఉండవచ్చో దీనితో చూపవచ్చు. అందులో ఉండదగినవి ఇవి.

(అ) మూల నిష్పత్తిలో, కత్తిరింపు లేకుండా, దక్కిన పూర్తి నిడివితో నలుపు తెలుపు ప్రతి. రంగులద్దడానికి ముందు బొమ్మను శుద్ధిచేయడం తప్పనిసరి కాబట్టి, ఇందుకు కావలసిన శ్రమలో కొంత ఇదివరకే జరిగి ఉంటుంది.

(ఆ) ఏకమార్గ మూలధ్వని. దానికి చేసిన శుద్ధి వినికిడికి అడ్డువచ్చే చప్పుళ్ళను తగ్గించడానికే పరిమితం కావాలి. బహుమార్గ ధ్వనిని అదనంగా ఇవ్వవచ్చు.

(ఇ) రంగుల ప్రతి ‘2010 రూపం’ అనే స్పష్టమైన గుర్తింపుతో.

(ఈ) తెలుగు లిపిలో ఉపశీర్షికలు. వాటిని తెలుగు భాషాసాహిత్యాలు తెలిసినవారు పలికినది పలికినట్లు రాసి, చిత్రంతో సరిచూడాలి.

(ఉ) పీఠిక. ఏ నెగటివు, ఏ ప్రింటు ఆధారం, ఏ రీలులో ఏది లోపించింది, దాన్ని ఎక్కడి నుంచి పూరించారు అన్న వివరాలు పది నిమిషాల్లో చెప్పవచ్చు.

(ఊ) తమిళ రూపంతో పోలిక. రెండు రూపాల్లోని భేదాలు పరిశోధకులకు పాఠాంతరాల వంటివి.

వీటిలో ఖర్చుతో కూడినది మొదటిదే. మిగిలినవాటికి కావలసింది శ్రద్ధ. ఉపశీర్షికలు, పీఠిక సిద్ధంచేసే పనిలో విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పాల్గొనవచ్చు. చలనచిత్రం మన పాఠ్యప్రణాళికల్లోకి వచ్చింది గాని, చలనచిత్ర ప్రతిని చదివే పద్ధతి ఇంకా రాలేదు. పరిశోధక విద్యార్థి ఒక పాటను ఉదహరించేటప్పుడు తాను చూసిన ప్రతి ఏదో చెప్పడం నియమంగా పెట్టుకున్నా కొంత మేలు జరుగుతుంది.

9. ముగింపు

పునరుద్ధరణ అంటే పాతదాన్ని కొత్తగా చేయడం కాదు, పాతదాన్ని పాతదిగానే మళ్ళీ కనబడేలా చేయడం. 2010 నాటి ‘మాయాబజార్’ రంగుల ప్రతి కొత్త ప్రేక్షకులను మూలం గడప దాకా తీసుకువచ్చింది. గడప దాటించే తలుపు మాత్రం తెరవలేదు. రంగు, ధ్వని, నిడివి అనే మూడు మార్పులూ వ్యాఖ్యానాలుగా విలువైనవే కావచ్చు. మూలం పక్కన లేనప్పుడు అవే ప్రక్షిప్తాలవుతాయి. తాటాకుల విషయంలో ఈ భేదాన్ని నేర్చుకోవడానికి మనకు నూరేళ్ళకు పైగా పట్టింది. అప్పటికే ఎన్నో గ్రంథాలు పోయాయి. ఫిల్ముకు తాటాకుకున్నంత ఆయుస్సు లేదు. కనుక ఈ పాఠాన్ని అంత నెమ్మదిగా నేర్చుకునే వీలు మనకు లేదు.

ఆ తరువాతి వారం విద్యార్థులకు నలుపు తెలుపు ప్రతిలోని పడవ పాటను చూపించాను. పాట అయ్యాక ఒక అమ్మాయి, “సార్, ఇందులో వెన్నెల ఎక్కువుంది” అన్నది. పాఠాంతరాన్ని గుర్తించడం అక్కడే మొదలైంది.